సదర్ ఎత్తని చెయ్యి

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆశన్న రచ్చ గెలిచి, మెడలో బంతిపూల దండతో మొన్న సాయంత్రం కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డిలో దిగాడు. భార్య సాలవ్వ దండను చూసింది గాని మనిషిని చూడలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో పొయ్యి రాజలేదు. నిన్నంతా మాట కూడా లేదు. ఈ పొద్దున మాట మాత్రం వచ్చింది.

"ఏడికి?" అన్నాడు ఆశన్న, అరుగు మీదినుంచి లోపలికి తొంగి చూసి.

"లింగంపేటకు."

సాలవ్వ నడింట్లో పాత చీర పరిచి మూట కడుతోంది. మెత్తబడ్డ పాత బట్టలు, శొంఠి, వాము, బెల్లం ముక్క, ఆముదం సీసా. తొలి కాన్పుకు బిడ్డ పుట్టింటికి రావాలి. రాలేనప్పుడు పుట్టిల్లే మూట కట్టుకొని పోవాలి మరి.

"పోవద్దని తెల్వదా? వాళ్ళకు వెలి ఉన్నది."

"తెలుసు. నువ్వు పెట్టిందే గద."

"నేను పెట్టలే. నిరుటి సంది ఉన్నది. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచిన, గంతే."

"గదే పెట్టుడు."

ఆశన్న మొహం వీధి వైపు తిప్పుకున్నాడు. 

నిరుడు గత్తర వచ్చి, జనం వాంతులు విరేచనాలతో రాలిపోతున్నప్పుడు లింగంపేట దగ్గర రోడ్డు పనికి వచ్చిన కూలీ ఒకడు దిక్కులేకుండా చచ్చిపోయాడు. పరాయి కులం వాడు. ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఆశన్న వియ్యంకుడు బీరయ్య పాడె మోశాడు. ఆ నేరానికి కులం బీరయ్య ఇంటిని వెలేసింది. నిప్పు లేదు, నీళ్ళు లేవు, పిలుపు లేదు. ఆ ఇంటి కోడలు, ఆశన్న బిడ్డ పోచవ్వ తన పుట్టింటి గడప తొక్కితే ఆశన్న ఇల్లు కూడా వెలిలో కలిసిపోతుంది. ఇప్పుడు పోచవ్వకు నెలలు నిండాయి. లింగంపేట మంత్రసాని, కులపెద్దలకు కోపం తెప్పించి ఆ ఊళ్ళో బతకలేనని తేల్చి చెప్పేసింది.

మొన్న కామారెడ్డిలో కులసభ కూర్చున్నది ఆ వెలి తీయాలా వద్దా అని తేల్చడానికే. సభకు సదర్, అంటే అధ్యక్షుడు, ఆశన్న. తీయాలని ఇరవై ఒక్క చేతులు లేచాయి. వద్దని ఇరవై ఒక్క చేతులు లేచాయి. అప్పుడు సదర్ మాట అడిగారు. ఆశన్న లేచి నిలబడి, వెలి ఉండనీ అన్నాడు.

"నీ చేతుల ఉండె," అంది సాలవ్వ మూట ముడి బిగిస్తూ. "ఒక్క మాట. తీయుండ్రి అంటే తీద్దురు. నీకు బిడ్డ వద్దా?"

"వద్దని ఎవలన్నరు? సభకు పోయేటప్పుడు బిడ్డ వస్తదనే అనుకున్న. పండుకునే చోటు గూడ మనసుల అనుకున్న."

"అనుకొని?"

"సదర్ అనేటోడు మనసులది చెప్పొద్దు సాలవ్వ. సమానమైతే ఉన్నది మార్చొద్దు. గది పద్ధతి."

"ఎవని పద్ధతి?"

ఆశన్న గొర్ల దొడ్డి వైపు చూశాడు. ఆ పద్ధతి తెచ్చినవాడు దొడ్డి గోడ పక్కన కూర్చొని అటుకులు నములుతున్నాడు. పొయ్యి రాజని ఇంట్లో చుట్టం అవస్థ పగవాడికి కూడా వద్దు.

వాడు గంగారాం, సాలవ్వ తమ్ముడు. పట్నంలో చట్టాలు చేసే కానూను కౌన్సిల్లో పదిహేనేళ్ళుగా చప్రాసి. సదర్ సాహెబ్ కుర్చీ వెనుక, తలుపు పక్కన నిలబడడం అతని నౌకరీ. సర్కారు ఇంకా పెద్ద శాసనసభ పెడుతుందని, అందులో వృత్తికొకరికి చోటు ఉంటుందని రెండేళ్ళుగా ఊళ్ళల్లో ఒకటే మాట. అక్కడ కూర్చోవాలంటే ముందు కూర్చోవడం నేర్చుకోవాలి కదా అని కులంలో చదువుకున్న ఇద్దరు ముగ్గురికి తోచింది. గంగారాంను సెలవు పెట్టించి కామారెడ్డికి రప్పించారు.

అంతకుముందు కులం కూర్చుంటే గొంగళ్ళు పరిచి గుండ్రంగా కూర్చునేది. చేతులు లేవు, లెక్క లేదు. అందరూ ఒక్క మాట మీదికి వచ్చేదాకా ఎవరూ లేవకూడదు. ఒక్కోసారి మూడు రోజులు పట్టేది. నిజం చెప్పాలంటే సగం తగాదాలు న్యాయంతో కాదు, ఆకలితో తేలేవి. కాని తేలేవి. గంగారాం వచ్చి చేతుల కుర్చీ ఒకటి తెచ్చి వేయించాడు. దాని మీద మెత్తని మనిషి, ఎవరితో తగువు లేని మనిషి కూర్చోవాలన్నాడు. అందరూ ఆశన్న వైపు చూశారు.

"తమ్మీ, ఇటు రా," అని పిలిచింది సాలవ్వ.

గంగారాం మూతి తుడుచుకొని వచ్చి గడప బయట నిలబడ్డాడు. తలుపు పక్కన నిలబడడం అతనికి అలవాటే.

"పట్నంల గా సదర్ ఏం చేస్తడు?"

"కూసుంటడు అక్క."

"కూసుండి?"

"అందరి మాట వింటడు. ఎవలు మాట్లాడాలెనో చెప్తడు. లొల్లి అయితే ఆపుతడు. తన మాట మాత్రం చెప్పడు. చెప్తే రెండో దిక్కోళ్ళు ఆయనను నమ్మరు గద."

"చెయ్యెత్తడా?"

"ఎత్తడు. రెండు దిక్కుల సమానమైతేనే అడుగుతరు. గప్పుడు గూడ కొత్తది తేడు. మళ్ళొకపారి మాట్లాడుకొనేటట్టు పాతదాన్ని అట్లనే పెడతడు. నేను రెండుపార్లు చూసిన. రెండుపార్లు గంతే."

"విన్నవా," అన్నాడు ఆశన్న, కొంచెం ధైర్యం వచ్చి. "నేను సొంతంగ చేసింది కాదు."

సాలవ్వ అతని వైపు తిరగలేదు. తమ్ముణ్ణే చూస్తోంది.

"గా సదర్ సాహెబ్ బిడ్డ సంగతి ఎన్నడన్న కౌన్సిల్ ముందటికి వచ్చిందా?"

గంగారాం నవ్వబోయి మానేశాడు. "బిడ్డ సంగతి రాలే."

"మరి?"

"బామ్మర్ది జాగీరు సంగతి ఒకపారి వచ్చింది."

"వస్తే గప్పుడేం చేసిండు?"

"కుర్చీ దిగిండు. ఇంకొకాయనను కూసోమని చెప్పి తను వరండలకు పోయిండు. అది ఒడిసేదాక సిగరెట్టు తాగుకుంట నిలబడ్డడు. నేనే అగ్గిపెట్టె ఇచ్చిన."

 దొడ్డిలో గొర్రెలు మేతకు వదలమని ఒకటే అరుపు.

"గీ ముచ్చట మీ బావకు చెప్పినవా?"

"లే."

"ఎందుకు చెప్పలే?"

"ఎవలూ అడుగలే అక్క. కూసునుడు ఎట్లనో అడిగిండ్రు. దిగుడు ఎట్లనో అడుగలే."

అది అబద్ధం కాదు. పాపం, అందులో కపటం కూడా లేదు. పదిహేనేళ్ళ నౌకరీలో అడిగినదానికే జవాబు చెప్పడం అలవాటైన మనిషి.

సాలవ్వ నేల మీద చతికిలబడింది. చదువు లేని మనిషే గాని మందలో ఎన్ని గొర్రెలు తప్పాయో గోధూళిలో ఒక్క చూపుతో చెప్పగలదు.

"ఈయన దిగితే గా కుర్చీల ఎవలు కూసుందురు?"

"లస్మయ్యనే. వయసుల పెద్ద."

"లస్మయ్య వెలి ఉండాలన్నోడు. కుర్చీల కూసున్నోడు చెయ్యెత్తొద్దు అంటివి. అయితే లస్మయ్య చెయ్యి లేవకపోతుండె. తీయాలన్నోళ్ళు ఇరువై ఒక్కలు. వద్దన్నోళ్ళు ఇరువై."

గంగారాం వేళ్ళు ముడుచుకొని చూసుకున్నాడు. "అవును అక్క."

"ఈయన చెయ్యి గూడ అక్కర లేకపోతుండె. వరండల నిలబడితే చాలు. నా బిడ్డ గీ పాటికి గీ ఇంట్ల ఉంటుండె."

 అరుగు మీద కూర్చున్న ఆశన్న ఇంకోసారి కూర్చున్నట్టయింది. తప్పు చేశానా, చేయలేదా? పద్ధతి ప్రకారం చేశాడు. పద్ధతి సగమే చెప్పారు. అయితే తప్పు గంగారాందా? ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు తన బిడ్డ సంగతే నడుస్తోందని గంగారాం చెప్పాలా, తనకు తెలియదా?

"నాకు తెల్వకపాయె," అన్నాడు.

"తెలిస్తే దిగుదువా?"

"దిగుదును."

"నిజం చెప్పు." సాలవ్వ గొంతు ఇప్పుడు మెత్తబడింది. అరుపు కంటే అదే ఎక్కువ భయపెట్టింది ఆశన్నను. "సమానమైనప్పుడు అందరు నిన్నే చూసిరి. గప్పుడు నీ మనసుల పద్ధతి ఉండెనా? బిడ్డ కోసం చేసిండని నలుగురు అంటరని ఉండెనా?"



"తెల్వదు సాలవ్వ," అన్నాడు చివరికి. "నాకే తెల్వదు."

సాలవ్వ మూట నెత్తికెత్తుకుంది. అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

వచ్చింది లస్మయ్య. వెంట కిష్టయ్య, సభలో మాటలన్నీ రాసినవాడు, చంకలో కాగితాలతో. లస్మయ్య చేతిలో తలకు చుట్టుకునే జరీ అంచు రుమాలు మడత ఉంది. సాలవ్వ మూట దించకుండా తలుపు చాటున నిలబడిపోయింది.

"ఆశన్నా, కూసో కూసో, లేవకు," అన్నాడు లస్మయ్య. తలపాగా తీసి పక్కన పెట్టుకొని తనూ అరుగు మీద చేరాడు. "కులంల ఎక్కడ చూసినా నీ ముచ్చటనే. సదాశివనగరోళ్ళు గూడ అంటున్నరు, సొంత బిడ్డని గూడ చూడలే అని. గసుంటి మనిషిని మేం చూడలే."

ఆ మాటలు మొన్నయితే తేనెలా ఉండేవి. ఇప్పుడు ఒక్కొక్కటీ ముల్లులా దిగుతోంది.

"సోమవారం నాగిరెడ్డిపేటల కూసుంటున్నం. ఇగ ప్రతి సభకు సదర్‌వి నువ్వే. అందరు ఒప్పుకున్నరు. గీ రుమాలు నీకు. గీ కాగితం మీద నీ వేలిముద్ర ఒక్కటి పడితే మొన్నటి తీర్మానం పక్కా అయితది."

కిష్టయ్య కాగితం విప్పి, సిరా అద్దిన గుడ్డపేలిక ముందు పెట్టాడు. ఆశన్న దాన్ని ముట్టుకోలేదు.

"అన్నా, ఒక మాట అడుగుత. మొన్న నేను కుర్చీ దిగి నిన్ను కూసోమంటే ఏమయ్యేది?"

లస్మయ్య గడ్డం గోక్కున్నాడు. తర్వాత నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు.

"దిగుతవేమోనని నేనే భయపడ్డ. పట్నం పద్ధతి నాకేం తెలుసు? గని నా బిడ్డ సంగతైతే నేను లేచి పోదును. ఎవలైనా పోదురు. నువ్వు లేవలే. ఓహో, పెద్ద మనసు అనుకున్న."

గంగారాం దొడ్డి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తలుపు చాటున సాలవ్వ గాజులు చప్పుడయ్యాయి. ఎవరైనా పోదురు. చప్రాసి చెప్పకపోయినా, కౌన్సిల్ లేకపోయినా, వెలి ఉండాలన్న లస్మయ్య కూడా లేచి పోదును అంటున్నాడు. మరి తనొక్కడే ఎందుకు కదలకుండా కూర్చున్నాడు? ఆశన్న ఆ రోజును మళ్ళీ మళ్ళీ తవ్వి చూసుకున్నాడు. కుర్చీ చేతులు పట్టుకున్న తన రెండు చేతులే కనిపించాయి.

బండి వచ్చి ఆగిన చప్పుడైంది.

ఇంటి ముందు ఆగలేదు. దారికి అవతల, ఎదురింటి గోడ పక్కన ఆగింది. నొగల మీద బీరయ్య కూర్చొని ఉన్నాడు. దిగలేదు.

"బావా," అని అక్కడినుంచే పిలిచాడు. "నేను నీ వాకిలి తొక్కను. కోడికూతకు నొప్పులు షురువైనయి. మంత్రసాని రానన్నది. పిల్లనొక్కదాన్ని దించుకో. నేను గిటునుంచి గిటే పోత."

సాలవ్వ మూటతోనే వాకిలి దాటి పరుగెత్తింది. లస్మయ్య ముందునుంచే పోయింది, తల మీద కొంగు కూడా సరిగా లేదు. బండిలో గడ్డి మీద పోచవ్వ ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. మొహమంతా చెమట.

"దిగు బిడ్డా. నన్ను పట్టుకో. తొలిచూలు, ఇంకా టైముంటది, భయపడకు."

పోచవ్వ తల్లి చెయ్యి పట్టుకుంది గాని కదలలేదు. ఆమె చూపు తల్లిని దాటి అరుగు మీదికి పోయింది.

"ఆగవ్వా. బాపు రమ్మంటే దిగుత."

లస్మయ్య లేచి నిలబడ్డాడు. అతని మొహంలో కూడా జాలి ఉంది. ఆ పిల్లను చిన్నప్పుడు భుజాన ఎత్తుకొని జాతర చూపించినవాడే. కాని కిష్టయ్య పక్కనే ఉన్నాడు, కాగితం అరుగు మీద ఉంది.

"ఆశన్నా, సోంచాయించి మాట్లాడు. నీ నోట్ల నుంచి ఏదొస్తే అది కులం మాట. రేపు ఇంకో ఇంటోళ్ళు వెలి ఉన్నోళ్ళను పిలుచుకుంటే, వాళ్ళకు శిక్ష చెప్పేటోనివి నువ్వే."

ఆశన్న బండిని చూశాడు. లస్మయ్యను చూశాడు. తర్వాత, నవ్వాలో ఏడవాలో తెలియదు గాని, గంగారాం వైపు చూశాడు. ఇంటి ముందు బిడ్డ నిలబడితే సదర్ సాహెబ్ ఏం చేస్తాడో పదిహేనేళ్ళలో వీడు చూసి ఉంటాడేమోనని.

గంగారాం తల అడ్డంగా ఊపాడు. "నాకు కౌన్సిల్ దర్వాజ దాకనే తెలుసు బావ. సాహెబ్ ఇంటికి నేనెన్నడు పోలే."

"రా బిడ్డా," అన్నాడు ఆశన్న. మాట బండి దాకా చేరలేదు. మళ్ళీ అన్నాడు. "లోపటికి రా."

 పోచవ్వకు నొప్పి వచ్చినట్టుంది, కళ్ళు మూసుకొని తల్లి చెయ్యి నలిపేసింది. కళ్ళు తెరిచి, "గంతసేపు పట్టిందా బాపు?" అంది.

తర్వాత నొగల వైపు తిరిగింది. "మామా, బండి తిప్పు. అవ్వా, నువ్వెక్కు."

"పిచ్చిదానా, రమ్మన్నడు గద. పురుటి నొప్పుల మీద పంతమా?"

"పంతం కాదవ్వా. గా ఇంట్ల కాన్పైతే రేపు గా పెద్దమనుషులందరు వాకిట్ల కూసుంటరు. బాపు మళ్ళ రెండు దిక్కుల చూస్తడు. నాకు భయమైతది. మా ఇంట్లనే కంట. నువ్వుంటే చాలు."

సాలవ్వ ఒక్క క్షణం నిలబడింది. ఇంటిని చూసింది, మొగుణ్ణి చూసింది. మూట బండిలోకి విసిరి ఎక్కేసింది. వెలి ఉన్న బండిలో ఎక్కినది ఇంటి ఇల్లాలు. బీరయ్య ఎడ్లను అదిలించాడు. తప్పు తనదే అయినట్టు ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

ఆశన్న అరుగు దిగాడు.

"ఆగు," అన్నాడు లస్మయ్య. "పిల్ల నీ గడప తొక్కలే. నీ పెండ్లం సంగతి, బిడ్డ మీద పాణం కొట్టుకొని పోయిందని నేను నలుగురికి చెప్పుకుంట. నువ్వు మాత్రం గా బండిని ముట్టకు. ముడితే వెలి నీ దాక వస్తది, నేను ఆపలేను ఆశన్నా. నిజంగ ఆపలేను."

అది బెదిరింపు కాదు, ప్రాధేయపడడం. ఆశన్నకు అర్థమైంది. అర్థం కావడం వల్ల మరింత గజిబిజి అయింది. ఈ మనిషి చెడ్డవాడైతే ఎంత బాగుండేది. అతని కాళ్ళు మాత్రం ఎవరి అనుమతీ అడగకుండా నడుస్తున్నాయి. బండి వీధి చివర మలుపు తిరిగేలోపు అందుకున్నాడు. వెనుక బద్ద మీద చెయ్యి వేశాడు.

వెనుక నుంచి కేకలేవీ రాలేదు. లస్మయ్య అంత దూరం నుంచి చూస్తూనే ఉండి ఉంటాడు. ఆశన్న తిరిగి చూడలేదు.

బండి ఆగలేదు. సాలవ్వ బిడ్డ తలను ఒళ్ళో పెట్టుకొని నడుము నిమురుతోంది. అతన్ని ఎక్కమనలేదు, పొమ్మనలేదు. చక్రాల దుమ్ములో అతను బద్ద పట్టుకొని నడుస్తున్నాడు.

"బాపు," అంది పోచవ్వ.

"ఏంది బిడ్డా?"

"ఒక్కటడుగుత. కోపం లేదు, ఊరికెనే అడుగుతున్న. మొన్న నువ్వు సదర్‌వి కాకపోతే, అందరితోటి కింద కూసుంటే, నా కోసం చెయ్యెత్తుదువా?"

ఎత్తుదును అనడానికి ఆశన్న నోరు తెరిచాడు. సులువైన మాట. తండ్రి ఎవడైనా అనే మాట. కాని నోటి దాకా వచ్చిన ఆ మాట నిజమో, ఇప్పుడు బిడ్డ కోసం కల్పించిందో అతనికి తెలియలేదు. కింద కూర్చుంటే చుట్టూ తెలిసిన మొహాలు, లస్మయ్య పక్కనే కూర్చొని ఉంటాడు, తన భుజానికి భుజం తగులుతూ. అందులో తన చెయ్యి లేవడం ఊహించుకోవాలని చూశాడు. లేస్తున్నట్టే ఉంది. లేవనట్టూ ఉంది.

ఇంకో నొప్పి వచ్చింది. పోచవ్వ బండి గుంజను రెండు చేతులా పట్టుకొని, పళ్ళు బిగబట్టి, అరవకుండా, అతని మొహమే చూస్తూ జవాబు కోసం ఎదురుచూస్తోంది.